గోడ కూలిన చోట కంప

ఈ ఉదయం సర్కారు తుమ్మ కొట్టుకొచ్చి పెరట్లో పడేశాను. పచ్చికంప తెగినప్పుడు వచ్చే ఆ వగరు వాసన తగిలితే నాకు ఇప్పటికీ దవడ బిగుసుకుంటుంది. వెంటనే దానియేలు మాస్టారి గొంతు వినిపిస్తుంది. ఆయన నాకు తొమ్మిదో తరగతిలో లెక్కలు చెప్పారు. తర్వాత, మేము అమ్ముకున్న సగం దొడ్డి కొని, ఇల్లు కట్టుకుని, మా పక్కకే వచ్చారు. వాళ్ళ నాన్న యోహాను మా తాతగారి హయాం నుంచీ మా పాలేరు. పాలేరు కొడుకు పొరుగువాడు కావడం మా ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. నాన్నగారు ఆయన్ను ఏనాడూ మాస్టారు అనలేదు. "పక్కింటాయన" అనేవారు.

మాది జగ్గయ్యపేటకూ నందిగామకూ మధ్య ఊరు. పొలాలన్నీ పోగా మాకు మిగిలింది ఇల్లు, పెరడు, ఆ పెరట్లో అమ్మ వేసే కూరపాదులు. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక వానకు రోడ్డువైపు ప్రహరీ పది అడుగుల మేర కూలింది. తెల్లారేసరికి యోహాను ఎవరూ చెప్పకుండానే కంప తెచ్చి ఆ ఖాళీ మూసేశాడు. నాన్నగారు చూసి మండిపడ్డారు. "ఇదేమన్నా మీ దొడ్డనుకున్నావంట్రా? ఈ ఇంటికి ముళ్ళకంపా? కడితే రాతిగోడే కడతాం," అని కిరసనాయిలు పోసి అంటించారు. అగ్గిపెట్టె అందించింది నేను. అప్పుడు నాకది గొప్పగానే అనిపించింది. యోహాను కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

గోడ లేవలేదు. రోడ్డవతల గుట్టమీది కుందేళ్ళకు మాత్రం దారి తెలిసిపోయింది. మొలక రెండాకులు వేయగానే కత్తితో కోసినట్టు ఏటవాలుగా కొరికి పోయేవి. అమ్మ పాతచీరలు కట్టింది, డబ్బాలు వేలాడదీసింది, మంగలిషాపు నుంచి జుట్టు తెప్పించి చల్లింది. నాన్నగారు పడక్కుర్చీలో కూర్చుని, తాతగారు ఒక్క గుండుకు రెండు కుందేళ్ళను ఎలా పడగొట్టారో చెప్పేవారు. తుపాకీ ఎప్పుడో పోయింది. కథ మిగిలింది, దాన్ని కుందేళ్ళు తినవు గనక. ఆ పెరటి కూరతోనే ఇల్లు గడుస్తోందని ఆయనకు తెలుసు. డిగ్రీ అయ్యాక మా ఇంటికి తగ్గ ఉద్యోగం కోసం ఖాళీగా కూర్చున్న నాకూ తెలుసు. నేనూ రాతిగోడ గురించే మాట్లాడేవాణ్ణి.

ఆ ఏడు మూడోసారి వేసిన చిక్కుడు కూడా పోయింది. వెళ్ళి చూస్తే అమ్మ పాదు దగ్గర కూలబడి ఉంది. "ఇంక గింజల్లేవురా," అంది. అంతే. నేను నేరుగా మాస్టారి పెరట్లోకి వెళ్ళాను. చుట్టూ దట్టంగా కంప, లోపల బీరపాదు, మోకాలెత్తు గోంగూర.

"మా పెరటికి కంప వేయించండి," అన్నాను. అడిగినట్టు కాదు, పురమాయించినట్టే అన్నాను.

ఆయన తీగను పందిరికెక్కిస్తూ వెనక్కి తిరగలేదు. "మా నాన్న ఒకసారి వేశాడుగా. బాగా మండిందంట."

ఆయన తీగ కొసను పందిరికి ముడివేశారు.

"అగ్గిపెట్టె నువ్వే ఇచ్చావంటగా?"

"ఇచ్చాను."

"అయితే కంపా నువ్వే వెయ్యి. కత్తిస్తా, కంప నెట్టే పంగలకర్రిస్తా, పక్కన నుంచుంటా. ముల్లు మాత్రం ముట్టుకోను."

"నాకు చేతకాదండి."

"లెక్కలూ చేతకాలేదు. నేర్పలా?"

పట్టపగలు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా చూస్తుండగా, ముక్త్యాల సిమెంటు లారీలు దుమ్ము కొట్టి పోతుండగా వేశాను. "ఏం బాబుగారూ, రాతిగోడ ముళ్ళతో కడుతున్నారేంటండీ?" అన్నారెవరో. నవ్వులు. చేతులనిండా రక్తం. మాస్టారు వంగి చూసి, "పైన బాగా సర్దావు. కుందేలు పైనించి వస్తుందా? అడుగు చూడు, ఎంత సందుందో. తీసి మళ్ళీ వెయ్యి," అన్నారు. మూడుసార్లు తీయించారు. ఆయన్ను కొట్టాలన్నంత కోపం వచ్చింది.

అప్పుడు నాన్నగారు ఇస్త్రీ పంచె కట్టుకుని బయటికొచ్చారు. కంపను చూశారు, నన్ను చూశారు. చెయ్యి చాపి, "అగ్గిపెట్టె తేరా," అన్నారు.

మాస్టారు కంప అడుగు చూస్తూ వంగే ఉన్నారు. నా వంక చూడను కూడా చూడలేదు.

"తేను నాన్నగారూ," అన్నాను.

ఆ చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆయన లోపలికి వెళ్ళిపోయారు. మాస్టారు అప్పుగా తెచ్చిచ్చిన గింజలతో అమ్మ మళ్ళీ పాదు వేసింది. నాన్నగారు పంట చేతికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. చిక్కుడుకాయ కూర మాత్రం రెండోసారి వడ్డించుకున్నారు.

మాస్టారు ఇప్పుడు లేరు. అందరి ముందూ నన్ను అలా నిలబెట్టినందుకు ఆయన మీద కోపం చాలా ఏళ్ళు మోశాను. అది తగ్గాక మిగిలిన కోపం నా మీదే. నేను కంప వేసిన ఆ పగలంతా యోహాను పక్క వాకిట్లో మంచం మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. పది అడుగులు నడిచి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

రాతిగోడ కట్టించే స్తోమత ఇప్పుడు నాకుంది. మేస్త్రీ రెండుసార్లు వచ్చి అడిగాడు. అక్కర్లేదన్నాను. ఏటా వానలు వెలిశాక పాతకంప పుచ్చిపోతుంది. కొత్తది నేనే కొట్టుకొస్తాను. రోడ్డుమీద ఎవరు పోతున్నా సరే, మట్టిలో మోకాళ్ళూని, ముందు అడుగు చూసుకుంటాను.