బస్సుల జత ఆటోల్లోకి ఎలా వచ్చింది

నలభై ఒకటో ఏట, కంప్యూటరు ప్రోగ్రాంలు రాసే పైథాన్ నేర్చుకోవడానికి నంద్యాలలో ఒక కోచింగ్ సెంటర్లో చేరాను. ఆళ్లగడ్డలో మాకు టైపింగ్, జిరాక్స్ షాపు ఉంది. అర్జీలు టైపు చేయించుకునేవాళ్లు తగ్గిపోయారు. ఇంకో పని చేతికి రావాలని ప్రతి ఆదివారం బస్సెక్కేదాన్ని. తరగతిలో నా పక్కన కూర్చునేది ఒక టైలరు కూతురు, డిగ్రీ పిల్ల.

మూడో నెలలో సారు ఒక క్లాసు, అంటే ఒకే అచ్చులోంచి ఎన్ని కావాలంటే అన్ని తయారుచేసుకునే ప్రోగ్రాం, రాసుకురమ్మన్నాడు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి నేరుగా బండి ఉందో అది ఊళ్ల జతలుగా దాచుకోవాలి, అడిగితే చెప్పాలి. నేను ఆ క్లాసుతో రెండు తయారుచేశాను, బస్సులకొకటి, ఆటోలకొకటి. బస్సుల్లో నంద్యాల–ఆళ్లగడ్డ జత చేర్చి, ఆటోలు చూపించమన్నాను. ఖాళీగా ఉండాల్సిన చోట అదే జత కనిపించింది. ఆటోల్లోంచి తీసేస్తే బస్సుల్లోంచి కూడా పోయింది.

వారమంతా షాపులో బేరం లేనప్పుడల్లా ఆ ప్రోగ్రాం ముందే కూర్చున్నాను. చేర్చే భాగం తిరగరాశాను, తీసేసే భాగం తిరగరాశాను. తప్పు కదల్లేదు. ఈ వయసులో ఎందుకీ తిప్పలని మా ఆయన అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది.

ఆదివారం గంట ముందే పోయాను. ఆ పిల్ల అప్పటికే వచ్చి ఉంది. ఆమె ప్రోగ్రాం చక్కగా నడుస్తోంది.

"ఇంకా ఆడనే ఉండావా అక్కా? నాది కాపీ చేసుకో."

"వద్దు పాపా. యాడ తప్పుతాందో నాకు తెలియాల."

నోటుపుస్తకం తీసి, కంప్యూటరు నడిచే వరుసలోనే ఒక్కో లైను చేత్తో రాసుకుంటూ పోయాను. బస్సుల జాబితా ఎక్కడ పుట్టిందని వెనక్కి వెతికితే దొరికింది. ఖాళీ జాబితాను క్లాసు మొదట్లోనే, అన్నిటికీ కలిపి ఒక్కటే పెట్టాను. ఆటోలకు వేరే జాబితా అసలు లేనే లేదు. ఆ లైనును, కొత్తది తయారైనప్పుడల్లా నడిచే భాగంలోకి మార్చాను. బస్సుల్లో ఒక జత, ఆటోలు ఖాళీ. నమ్మకం కుదరక నాలుగుసార్లు నడిపి చూసుకున్నాను.

అప్పుడు ఆ పిల్లది చూపించమని అడిగాను. ఆమె ఒక్క బస్సులతోనే పరీక్షించింది. ఆటోలు కూడా చేసి చూడమన్నాను. చేసింది. ఆటోల్లో బస్సుల జతలన్నీ వచ్చి కూర్చున్నాయి.

ఆమె ముఖం ఎర్రబడింది. తప్పెక్కడుందో చూపిద్దామని వేలు పెట్టబోయాను.

"చెప్పొద్దక్కా," అంటూ నా పెన్సిలు తీసుకుంది.

సారు వచ్చి కొత్త పాఠం మొదలుపెట్టాడు. ఆమె తల ఎత్తలేదు, లైను తర్వాత లైను రాసుకుంటూనే ఉంది.