కిల్డేర్ వాళ్ళం

ఆ వీపు సంచులు గ్రీసు దీవుల కోసం కొన్నవి. ఏ దీవి నుంచి ఏ దీవికి ఫెర్రీ ఎన్నింటికో మా ఆయన ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. మొత్తం తొమ్మిది దీవులు. ఆయనది కరీంనగర్, నాది తెనాలి. అప్పటిదాకా మా ఇద్దరి సముద్రయానం నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కడమే. మార్చిలో కరోనా వచ్చి మేముండే దేశం మూతపడింది. విమానం టికెట్లు వోచర్లుగా మారాయి. సంచులు అల్మరాలోకి వెళ్ళాయి, కాగితం మాత్రం ఫ్రిజ్ మీదే ఉండిపోయింది.

ఆగస్టుకి కాస్త తెరిచారు. దేశం దాటకుండా ఎక్కడికైనా వెళ్ళొచ్చన్నారు.

"గ్రీసు లేకుంటే ఈడ పడమటి ఒడ్డుకు గాల్వే ఉన్నది గదా. ఆడ గూడ దీవులున్నయ్, ఫెర్రీలున్నయ్. ఎండ ఒక్కటే తక్కువ" అన్నాడు మా ఆయన. అదే కాగితం వెనక్కి తిప్పి మూడు దీవుల పేర్లు రాశాడు. హోటళ్ళు సగం మూసే ఉన్నాయి కాబట్టి నేను పులిహోర కలిపాను, చపాతీలు చేశాను, ఒక సీసాలో గోంగూర పచ్చడి పెట్టాను. ఆ సంచులు మొదటిసారి మోసింది గోంగూరని.

ఇక్కడ నా జబ్బొకటి చెప్పాలి. మేం ఇక్కడే మెయ్‌నూత్‌లో చదువుకుని, ఉద్యోగాలొచ్చాక నేస్‌లో ఇల్లు తీసుకుని ఆరేళ్ళయింది. ఎవరైనా "ఎక్కడి నుంచి?" అని అడిగితే నేను "నేస్" అంటాను. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "కాదు, అసలు ఎక్కడి నుంచి?" టాక్సీలో అదే, ఆఫీసులో అదే, పళ్ళ డాక్టరు నా నోట్లో పరికరం పెట్టి మరీ అదే. మా ఆయన సుఖజీవి, మొదటే "ఇండియా" అనేసి కిటికీ లోంచి చూస్తూ కూర్చుంటాడు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మళ్ళీ "నేస్" అనే అంటాను. "నీకు అవార్డిస్తరు" అంటాడు మా ఆయన.

మొదటి దీవిలో రెండు రోజులూ వాన. రాతి గోడలు, గడ్డి, ఆవులు, మళ్ళీ గోడలు. రెండో రోజు సాయంత్రం బస చేసిన చోట రేడియోలో వార్త విన్నాం. కేసులు పెరిగాయని మూడు కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి, మూసేస్తున్నారు, ఆ కౌంటీల వాళ్ళు పొలిమేర దాటకూడదు. అందులో ఒకటి మా నేస్ ఉన్న కిల్డేర్. ఇప్పటికే సెలవు మీద బయట ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్తగా ఉంటూ సెలవు పూర్తి చేసుకుని రావచ్చన్నారు. మా ఆయన ఆ చివరి వాక్యం పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున రెండో దీవికి ఫెర్రీ ఎక్కాం. మాస్కులు పెట్టుకుని పది మందిమి ఉంటాం. మా వెనక బెంచీ మీద ఇద్దరు, ఇప్పుడు కిల్డేర్ వాళ్ళు వైరస్‌ని ఎక్కడెక్కడికి మోసుకొస్తారో అని మాట్లాడుకుంటున్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను మాస్కు ముక్కు మీదకి ఇంకొంచెం లాక్కున్నాను. ఒడ్డు చేరేదాకా మేమిద్దరం తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం.

గది ఇచ్చే ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి. తలుపు తీసి, రెండు మీటర్లు వెనక్కి జరిగి నిలబడింది. "ప్రయాణం గ్రాండ్‌గా జరిగిందా?" అంది. ఈ దేశంలో బాగున్నా గ్రాండే, బాగోకపోయినా గ్రాండే. గ్రాండ్ అన్నాం. అప్పుడడిగింది:

"మరి మీరెక్కడి నుంచి?"

మా ఆయన నోరు తెరిచేలోపు నేనే అన్నాను.

"ఇండియా."

ఆమె ఒక్క క్షణం నా మొహం చూసింది. తర్వాత తల ఊపి, గది చూపించి, చిన్న బోటు మళ్ళీ అయిదింటికని, రేపు పొద్దున ఇంకోటి ఉందని చెప్పింది. రెండో ప్రశ్న రాలేదు. ఆరేళ్ళుగా ఏ ప్రశ్న మీద కత్తి దూశానో, ఆ రోజు దాని వెనకే వెళ్ళి దాక్కున్నాను.

సంచులు గదిలో పడేసి తీరం వైపు నడిచాం. మా ఆయన కాసేపు నవ్వు ఆపుకున్నాడు గానీ, ఇక ఆగలేదు.

"ఆరేండ్ల సంది నేస్, నేస్ అని అందరితోని కొట్లాడినవ్. ఇయ్యాల ఇండియా యాదికొచ్చిందా?"

"నవ్వకు."

"అబద్ధమైతే చెప్పలే గదా. రూల్ గూడ మన దిక్కే ఉన్నది. రెండు రోజులుండి పోదాం."

గోడ మీద కూర్చుని పులిహోర తిన్నాం. చింతపండు పులుపు బాగా కుదిరింది. అయినా నాకు సహించలేదు. సముద్రం ఆ వేళ నిజంగా నీలంగానే ఉంది, గ్రీసు అంటే నమ్మేట్టు. తిరిగి వస్తుంటే వంటింటి కిటికీలోంచి ఒక పెద్దాయన కనిపించాడు. ఆవిడ భర్త. కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంది. మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. మేమూ ఊపాం.

"చూశావా?" అన్నాను.

"జూసిన."

"మరి?"

మా ఆయన వంగి చెప్పుల్లో చేరిన ఇసుక దులుపుకున్నాడు. తర్వాత "సంచులు బయటికి తెస్త. నువ్వు చెప్పు" అన్నాడు.

వెనక తలుపు దగ్గర, దూరంగా నిలబడి పిలిచాను. ఆవిడ కెటిల్ చేత్తో పట్టుకునే వచ్చింది. మేం నేస్‌లో ఉంటామని, కిల్డేర్ అని, నిన్నటి వార్త విన్నామని చెప్పాను. జ్వరం, దగ్గు ఏమీ లేవని కూడా చెప్పాను. అది చెబుతున్నప్పుడే నా గొంతులో ఏదో గరగరలాడింది. దగ్గు రాకుండా ఊపిరి బిగబట్టాను.

"ఇండియా అన్నావు" అంది.

"అదీ నిజమే."

"అది నాకు చూస్తేనే తెలుస్తోందమ్మా. నేనడిగింది మీ ఇల్లెక్కడని."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆరేళ్ళలో ఒక్క మనిషి ఆ ప్రశ్న నేను కోరుకున్నట్టుగా అడిగింది. ఆమెకే నేను తప్పు జవాబిచ్చాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

అయిదింటి బోటుకి వెళ్ళిపోతామన్నాను. ఆమె ఈసారి గ్రాండ్ అనలేదు. సరే అంది. ఒక చీటీ మీద తన నంబరు రాసి గోడ మీద పెట్టి, దాని మీద గులకరాయి ఉంచింది. ఒంట్లో ఏమాత్రం తేడా వచ్చినా వెంటనే చెప్పమంది. రెండు కప్పుల టీ కూడా గోడ మీదే పెట్టి, లోపలికి వెళ్ళి కిటికీలన్నీ తెరిచింది.

దీవి చిన్నది. మాకంటే ముందే మా సంగతి రేవుకి చేరింది. బోటతను మమ్మల్ని చూసి "కిల్డేర్ వాళ్ళు మీరేనా?" అన్నాడు. అవునన్నాం. వెనక, గాలి తగిలే చోట విడిగా కూర్చోమని చెయ్యి చూపించాడు. అసలు ఎక్కడి నుంచి అని అతనూ అడగలేదు, మిగతావాళ్ళూ అడగలేదు. ఒడ్డు చేరేదాకా మా మీద తుంపర పడుతూనే ఉంది. మా ఆయన గోంగూర సీసా తడవకుండా ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు.

నేస్ వచ్చి ఇంట్లో పడ్డాం. మా డాక్టరుకి ఫోన్ చేస్తే పరీక్షకి పంపించారు. కరోనా లేదని వచ్చింది. అయినా నాకు నిద్ర పట్టేది కాదు. లేదని వచ్చి తర్వాత ఉందని తేలినవాళ్ళ కథలు అప్పట్లో రోజుకొకటి వినేవాళ్ళం. మూడో దీవి పేరున్న కాగితం ఫ్రిజ్ మీద ఉంటే, దాని పక్కన ఇంకో కాగితం పెట్టి రోజుకో గీత గీశాను. ఆ పెద్దాయన ఊపిన చెయ్యే కళ్ళ ముందు ఆడేది.

పద్నాలుగు గీతలయ్యాక, పదిహేనో రోజు పొద్దున ఆవిడకి ఫోన్ చేశాను. ఎవరో చెప్పబోయేలోపే గుర్తుపట్టింది.

"ఆయన గ్రాండ్" అంది ముందుగా. "ఇదిగో, బయట ఎండలో కూర్చుని నా మీద అరుస్తున్నాడు."

ఆమే అడిగింది:

"మరి మీ ఊళ్ళో ఎలా ఉంది? మిమ్మల్ని ఎప్పుడు బయటికి వదులుతారట?"

"ఇంకా లేదండీ. మిగతా రెండు కౌంటీలకీ తీసేశారు, మాకు మాత్రం పొడిగించారు" అన్నాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను.