రిజిస్టర్‌లో లేని అక్క

నా చిన్నప్పుడు, మేం వలస వెళ్లి బతికిన పాండేసరలోని మరమగ్గాల కార్ఖానాకు తనిఖీ అధికారి వచ్చిన రోజు గురించి మావాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. పక్కింటి అక్క తన తెలివితో పదిమంది ఆడవాళ్ల పని కాపాడిందట. నేను ఒప్పుకోను. బడికి సెలవని ఆ రోజు అక్క వెంట నేనూ వెళ్లాను. ఆ తెలివిలో నాకూ వాటా ఉంది.

అక్క అక్కడ మగ్గాలకు దారం కండెలు చుట్టేది. రిజిస్టర్‌లో మగవాళ్ల పేర్లు ఉండేవి, ఆడవాళ్లవి ఉండేవి కావు. పేరు రాస్తే చట్టం ప్రకారం వాళ్లకు మరుగుదొడ్డి కట్టాలి, కాన్పు సెలవు ఇవ్వాలి. అందుకే, పేరు కావాలన్నవాళ్లు రేపటి నుంచి రానక్కర్లేదని సేఠ్ ముందే చెప్పేశాడు. ఆడవాళ్ల కోసం రాసిన చట్టం వాళ్లను దాచేయడానికి పనికొచ్చింది, చూశారా!

గేటు దగ్గర జీపు ఆగగానే, గోడకు వేలాడుతున్న మగవాళ్ల టిఫిన్ డబ్బాలు తీసి అక్క తలా ఒకటి పంచింది. "మనం పనోళ్లం కాదు, మొగోళ్లకు బువ్వ తెచ్చినోళ్లం. నువ్వు గూడ గంతే చెప్పాలె బిడ్డా" అని నా చెవిలో ఊదింది. అధికారికి అనుమానం వచ్చినట్టుంది. పెద్దవాళ్లందరినీ వదిలేసి, అక్కను చూపించి, ఈమె ఇక్కడ పనిచేస్తుందా అని ఎనిమిదేళ్ల నన్ను అడిగాడు.

"చెయ్యదు" అన్నాను. రాసుకుని వెళ్లిపోయాడు. అక్క నన్ను ముద్దుపెట్టుకుంది. ఎంత పొంగిపోయానో!

కరోనాకు మగ్గాలు ఆగిపోయేనాటికి అక్క భర్త చనిపోయి చాలా ఏళ్లయింది. అక్క మాత్రం అదే కార్ఖానాలో ఇంకా కండెలు చుడుతూనే ఉంది. కార్ఖానా కార్మికులకు రేషన్ ఇస్తున్నారంటే అక్కను నేనే తీసుకెళ్లాను. రిజిస్టర్‌లో పేరు లేదన్నాడు గుమాస్తా. నేనే సాక్షినన్నాను. చదువుకున్నదాన్ని కదా, చట్టాలు కూడా ఏకరువు పెట్టాను.

"మీ నోరేమన్నా కాగితమా బెహన్? జరగండి, వెనక లైనుంది" అన్నాడు.

బయటికొచ్చాక కూడా నేను తిడుతూనే ఉన్నాను. అక్కకు కోపమైనా రాలేదు. నన్ను చంపింది అదే. ఖాళీ సంచి మడిచి, మాస్కు కిందికి లాగింది.

"జర ఆగు. గప్పుడు చేస్తదని చెప్తే పని పోతుండె. చెయ్యదంటిమి, గిప్పుడు తిండి పోయింది. ఎవల్ని తిడతవు?"

 చట్టాలు రాసేవాళ్లనే అడుగుతున్నాను. ఆ ఎనిమిదేళ్ల పిల్ల ఏం చెప్పి ఉంటే, అక్క ఆకలితో ఇంటికి వెళ్లాల్సిన పని ఉండేది కాదు?