పచ్చలైటు వెలిగేదాకా

ఆ హీరోయిన్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. ముంబయి నుంచి వచ్చి, కెమెరా ముందు నోటికొచ్చిందేదో అనేసి, సాయంత్రం విమానానికి వెళ్లిపోయేది. థియేటర్లో మాత్రం పదహారణాల తెలుగమ్మాయిలా అలిగేది, ఏడ్చేది, హీరోను నాలుగు దులిపేసేది. అదంతా మంజులత గొంతు. ఏడేళ్లుగా ఆ అమ్మాయి సినిమా ఏదొచ్చినా ఫిల్మ్‌నగర్‌లోని డబ్బింగ్ థియేటర్ నుంచి ఫోన్ వచ్చేది మంజులతకే. టైటిల్స్‌లో పేరు వెయ్యరని కాదు. వేస్తారు. జనం లేచి, చెప్పులు వెతుక్కుని, పార్కింగ్‌లో బండి బయటికి తీసే వేళకి వేస్తారు.

పేరు కోసం మొహం వాచిపోయిన మనిషిని కానని మంజులత అందరితోనూ అనేది. అడగకపోయినా అనేది. మధురానగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు, నలభై దాటిన ఒంటరి జీవితం, పక్కనున్నవాళ్లకు ‘ఆ సినిమా గొంతావిడ’ అన్న గుర్తింపు. దానితోనే సర్దుకుపోయానని ఆమె నమ్మకం.

ఆ నమ్మకాన్ని చెడగొట్టింది పిస్తోలు. ఒక సినిమాలో హీరోయిన్‌ది పోలీసాఫీసరు వేషం. ట్రైనింగ్ కోసమని నిర్మాత ఊరి చివర రైఫిల్ క్లబ్బులో ఒక పూట ఏర్పాటు చేశాడు. తుపాకీ పేల్చే మనిషికి ఊపిరి ఎలా ఆడుతుందో చూద్దామని మంజులత కూడా వెళ్లింది. హీరోయిన్ ఫొటోలు దిగి వెళ్లిపోయింది. మంజులత ఉండిపోయింది. మరుసటి వారం క్లబ్బులో చేరింది, ఆ ఏడాదే చిన్న పోటీలో దిగింది. పోటీ అయ్యాక గోడమీద బోర్డు పెట్టారు. అందులో ఇంటిపేరుతో సహా తన పేరు, దాని పక్కన మార్కులు. అట్టడుగున ఉందనుకోండి. అయినా ఆ బోర్డు ముందు నుంచి కదల్లేకపోయింది. ఆ గుళ్లు పేల్చింది తను, పేరు తనది, మధ్యలో ఇంకెవరి మొహమూ లేదు. రాష్ట్ర జట్టులో ఒక్కసారి చోటు దొరికితే చాలు, ఇంకేమీ అడగను అనుకుంది. ఆ కోరిక ఆమెను పట్టుకుని వదల్లేదు.

ఆటలో సగభాగం నింపాదిగా గురి చూసి కొట్టేది. అది ఆమెకు బాగానే వచ్చింది. తంటా అంతా రెండో సగంతోనే. ఎర్రలైటు వెలుగుతున్నంతసేపూ పిస్తోలు పట్టిన చెయ్యి కిందికి దించి ఉంచాలి. పచ్చలైటు వచ్చాక చెయ్యెత్తి, గురి చూసి, ఒకే ఒక్క గుండు పేల్చాలి. అందుకు మూడు సెకన్లు ఇస్తారు. లైటు కంటే ముందు చెయ్యి లేస్తే తప్పు. మళ్లీ ఎరుపొచ్చాక పేలితే సున్నా.

మంజులత చెయ్యి ముందే లేచేది. కోచ్ రఘునందన్ వరంగల్ వైపు మనిషి, పోలీసు శాఖలో చేసి రిటైరైనవాడు. వారమంతా ఓపిక పట్టి, ఆఖరికి అడిగేశాడు.

“ఏందమ్మా గిది? లైటు నీకు జెప్పి వస్తదా ఏంది?”

ఆమెకు కారణం తెలుసు. డబ్బింగ్‌లో తెరమీది పెదవి విచ్చుకోవడం చూసి మాట మొదలుపెడితే అప్పటికే ఆలస్యం. కంటి రెప్ప కదలగానే, గొంతు దగ్గర నరం తేలగానే పసిగట్టి, ఆ అమ్మాయి కంటే వెంట్రుకవాసి ముందు ఊపిరి తీసుకోవాలి. ఏడేళ్లుగా ఆమెకు అన్నం పెట్టిన విద్య అదే. ఇక్కడ అదే కొంప ముంచుతోంది. తొందరగా లేచిన చెయ్యి తొందరగానే పేల్చేది. గుండు ఎక్కడికో పోయేది.

“గురి ముందు, జల్దీ తర్వాత” అన్నాడు రఘునందన్. “గురి కుదిరితే జల్దీ దానంతటదే వస్తది. ఫికర్ జెయ్యకు.”

గుళ్లు తీసేసుకుని, ఖాళీ పిస్తోలుతో తెల్లగోడ ముందు నిలబెట్టాడు. లైటు రావాలి. వచ్చిందని కళ్లు ఒప్పుకోవాలి. అప్పుడు చెయ్యి లేవాలి. ఇంట్లో కూడా మంజులత నీళ్ల బాటిల్ పట్టుకుని అదే పని చేసింది. ఆ వేసవంతా చేసింది. మెల్లగా చెయ్యి మాట వినడం మొదలుపెట్టింది. గుళ్లు నల్ల వలయం మధ్యకు చేరుకున్నాయి. ఒకటీ అరా మాత్రం ఎరుపొచ్చాక పేలేవి. వస్తది, వస్తది అనేవాడు రఘునందన్. ఆ రోజుల్లో ఆమె ముఖంలో ఎంత వెలుగుండేదో! తలుచుకుంటే ఇప్పుడు జాలేస్తుంది.

శ్రావణంలో కొత్త సినిమా డబ్బింగ్ మొదలైంది. డబ్బింగ్ చూసుకునే త్రినాథరావు పాతకాపు. మొదటి రీలు కాగానే మైకులోకి వచ్చాడు.

“ఒక్క పిసరు వెనకబడుతోందండీ. ఇంకోసారి చూద్దామా?”

ఇంకోసారి చెప్పింది. మళ్లీ వెనకే. ఆ హీరోయిన్ పెదవి విప్పుతోంది, మంజులత చూస్తోంది, విప్పిందని కళ్లు ఒప్పుకున్నాక మాట వస్తోంది. చచ్చేటంత భయం వేసింది ఆమెకు. ఇంజనీరు మాటల్ని కంప్యూటర్లో కాస్త ముందుకు జరిపి అతికించాడు. పెదవి కలిసింది, ఊపిరి కలవలేదు. జూబ్లీహిల్స్ ఆఫీసులో అది విన్న డైరెక్టరు, ఈ అమ్మాయి ఎవరో చెప్పిన మాట అప్పజెబుతున్నట్టుంది అని ఒకే మాట అన్నాడట.

త్రినాథరావు మంచివాడు. బతిమాలి ఇంకో అవకాశం ఇప్పించి ఫోన్ చేశాడు.

“శనివారం పొద్దున వచ్చేయండి. క్లైమాక్స్ మళ్లీ చెబుదురుగాని. డైరెక్టరు గారు దగ్గరుండి వింటారు.”

శనివారమే రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ.

“ఆదివారం కుదరదాండీ?”

“ఆయన ఊళ్లో ఉండరండీ. ఏం, ఒంట్లో బాలేదా?”

బాలేదని చెప్పినా సరిపోయేది. ఆమె నిజం చెప్పింది.

“పిస్తోలా?” అన్నాడు అవతల నుంచి త్రినాథరావు. “మీ ఇష్టమండీ. నేనేం చెప్పగలను.”

శనివారం మంజులత పోటీకే వెళ్లింది. నింపాదిగా కొట్టే సగం అంతకుముందెప్పుడూ లేనంత బాగా కుదిరింది. లైట్ల సగంలో కూడా చెయ్యి ఒక్కసారీ ముందు లేవలేదు, ఒక్క గుండూ ఎరుపులోకి పోలేదు. ఆఖరి గుండు మిగిలేసరికి, అది నల్లటి వలయంలో ఎక్కడ పడినా జట్టులో చోటు ఖాయమని వెనక నిలబడ్డ రఘునందన్‌కు తెలుసు. ఆమెకు తెలియదు. తెలుసుకోకూడదని మార్కులు లెక్కపెట్టుకోవడమే మానేసింది.

పచ్చలైటు వచ్చింది. కళ్లు ఒప్పుకున్నాయి. చెయ్యి లేచింది. గురి దాదాపు కుదిరింది, రవ్వంత ఎడమకు ఉంది. సరిచేసుకుంది. ఇప్పుడు రవ్వంత కింద. ఇంకొక్క క్షణం. గురి అద్భుతంగా కుదిరింది. వేలు నొక్కింది. అప్పటికే లైటు ఎర్రగా ఉంది.

కాసేపటికి బోర్డు పెట్టారు. ఎంపికైనవాళ్ల పేర్ల కింద ఒక గీత, ఆ గీత కింద మొట్టమొదటి పేరు ఆమెది.

“వదిలేస్తే అయిపోతుండె కదమ్మా” అన్నాడు రఘునందన్. “నల్లదాంట్ల యాడ పడ్డా నడుస్తుండె.”

“గురి ముందని మీరే కదా సార్ అన్నారు.”

“అన్న. జల్దీ దానంతటదే వస్తదని గూడ అన్న.” ముసలాయన కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. “రాకుంటే ఏం జెయ్యాల్నో నాకు గూడ తెల్వదమ్మా. చానమందికి వచ్చింది. నీకు గూడ వస్తదనుకున్న.”

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. కొత్తగా నేర్చుకున్నది సగంలో ఉండిపోయింది, పాతది చేతి నుంచి జారిపోయింది. ఇందులో ఎవర్ని తిట్టాలి? క్యాబ్ ఎక్కి ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చింది. డ్రైవరు పాపం పాటలు ఆపేశాడు.

క్లైమాక్స్ వేరే అమ్మాయి చెప్పింది. క్లైమాక్స్ ఒక్కటే చెబితే అతుకు తెలుస్తుందని, సినిమా మొత్తం ఆ అమ్మాయి చేతే చెప్పించారు. తర్వాతి సినిమాకు ఫోన్ రాలేదు. త్రినాథరావు పండక్కి మాత్రం మెసేజ్ పెట్టాడు.

సినిమా విడుదలైంది, బాగా ఆడింది. మంజులత చూడలేదు. రెండో వారంలో ఒకరోజు కూరగాయల బండి దగ్గర కింది వాటా భూలక్ష్మి ఎదురైంది. ముందురోజే ఇంటిల్లిపాదీ వెళ్లి చూసొచ్చారట. మంజులత చెయ్యి రెండు చేతుల్తో పట్టేసుకుంది.

“ఏడిపించినవ్ గదమ్మా! ఆఖర్ల ఆ పిల్ల నాయనతోని మాట్లాడుతుంటే మా అత్త గూడ వలవల ఏడ్సింది. అన్ని సినిమాల కంటె గిండ్ల మస్తు జెప్పినవ్.”

“అది నేను కాదండీ” అంది మంజులత.

“ఊకో!” నవ్వింది భూలక్ష్మి. “ఇన్నేండ్ల సంది వింటున్న. నీ గొంతు నాకు ఎరుకలేదా?”