దక్షిణపు గోడకు కంత

మా అత్త పోయింది. చుట్టాలకు ఫోనులో ఈ ఒక్క మాటే చెప్పాను, మిగతాది ఇప్పుడు రాస్తున్నాను. ఆషాఢం ముసురులో, పొద్దున్నే టీ తాగి, "కాస్త ఆయాసంగా ఉన్నాదే" అంటూ వెనక గదిలో మంచం మీద ఒరిగింది. మళ్లీ లేవలేదు. ఆమె నాకు అత్తగారే కాదు, మా నాన్న తోబుట్టువు, అంటే మేనత్త కూడా.

వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర మా ఊరు. వానాకాలం వస్తే డబ్బాలో ఉప్పు ముద్దవుతుంది, బీరువా తెరిస్తే చీరలు బూజు వాసన కొడతాయి. తుపానుకు పూరిల్లు పోయాక శ్లాబు ఇల్లు కట్టుకున్నాం. వాస్తు చూసినాయన వెనక గదికి దక్షిణపు గోడ మీద చిన్న బెజ్జం కూడా పెట్టొద్దన్నాడు. యముడి దిక్కట. అత్త పునాదుల్లో నిలబడి గొడవ పడింది.

"యముడు కిటికీలోంచి దూరతాడేటి? మనకి గాలొచ్చేదే అటునుంచి! ఆ గోడ మూసీసినారంటే అది గది కాదు, గాదె."

ఎవరూ వినలేదు. తూర్పున ఒక కిటికీ పెట్టారు, అదీ పక్కింటి గోడను చూస్తూ ఉంటుంది.

అత్తకు ఒక వింత అలవాటు. ఏ ఇంటికి వెళ్లినా ఒక అగరొత్తి అడిగి, వెలిగించి, గది మధ్యలో నిలబెట్టేది. దేవుడి కోసం కాదు. "పొగ నిటారుగా నిల్సుంటే ఆ గదిలో గాలి సచ్చిపోనాదని లెక్క. వంగితే బతికున్నాది," అనేది. పాతపట్నంలో చుట్టాలబ్బాయి పెళ్లిచూపులకెళ్లి అక్కడా వెలిగించింది. ఆ ఇంటివాళ్లు ఏదో శకునం చూస్తోందనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు పాపం! బయటికొచ్చాక, "పిల్ల బంగారం. వంటగదికే ఊపిరాడతలేదు," అంది. నవ్వలేక చచ్చాను.

ఆ నవ్వు ఎంతో కాలం మిగల్లేదు. కొత్తింట్లో తొలి వానాకాలంలోనే మా అమ్మాయికి ఆయాసం పట్టుకుంది. ఊపిరి తీస్తుంటే రొమ్ములో పిల్లికూతలు. చూసినవాళ్లంతా ఒకటే మాట: "పిల్లకి గాలి తగిలింది." మా వైపు ఆ మాటకు అర్థం వేరు, ఏదో సోకిందని. తాయెత్తు కట్టారు. ఉన్న ఒక్క కిటికీ మూశారు, తలుపు కింద గోనె కుక్కారు. లోపల దండెం మీద తడి బట్టలు, మూలన దోమల చుట్ట. భయంలో ఎవరు ఏది చెబితే అదే చేశాం.

తమ్ముడింటికి వెళ్లిన అత్త తిరిగొచ్చి తలుపు తెరిచింది. ముక్కు మూసుకుంది.

"గాలి తగిలింది కాదే, గాలి తగలకే ఈ గుంటకి రోగం! ఎవలే ఈ గోనె కుక్కినోలు?"

దోమల చుట్ట వీధిలోకి, తడి బట్టలు వసారాలోకి పోయాయి. శ్రీకాకుళంలో డాక్టరు ఇన్‌హేలర్ ఇచ్చి, గదిలో తేమ, బూజు, పొగ లేకుండా చూసుకోమన్నాడు. అప్పటి నుంచి అత్త కాపలా మొదలైంది. కూరకు మూత లేకపోతే ఆవిరి ఇల్లంతా పడుతుందని అరిచేది. ఎండ తొంగి చూస్తే చాలు, దిళ్లు ఎత్తుకుని డాబా మీదికి. గోడ మీద నల్లమచ్చ కనిపిస్తే సున్నం. అగరొత్తి పరీక్ష మాత్రం పిల్ల బడికి వెళ్లాకే.

అయినా వాన పట్టిందంటే పిల్లికూతలు వచ్చేవి. పిల్ల ఎక్కడున్నా నా చెవి దాని రొమ్ము మీదే ఉండేది. "ఆ గోడకి కంత ఎట్టురా," అని అత్త కొడుకుని బతిమాలేది. మా బావ, అంటే మా ఆయన, కదిలేవాడు కాదు. "వాస్తు మార్సినాక ఏటైనా అయితే? ఉన్నది ఒక్క గుంటమ్మా," అనేవాడు. ఆయనదీ భయమే. ఒకే పిల్ల గురించి ఇద్దరి భయాలు చెరో వైపు లాగేవి.

అత్త పోయిన పొద్దున పంతులుగారు వచ్చి లెక్క చూసి తల అడ్డంగా ఊపారు. "నక్షత్రం మంచిది కాదు. శవాన్ని గుమ్మంలోంచి తియ్యకూడదు. గోడకి కంత పెట్టి తియ్యండి, దక్షిణానికి."

బావే గునపం పట్టుకున్నాడు. అత్త తల దగ్గర అగరొత్తి పొగ అప్పటిదాకా నిటారుగా ఉంది. ఇటుకలు కూలాయి, పొగ వంగింది. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. "అత్తా, ఆఖరికి ఎట్టించుకున్నావే," అన్నాను. అందరూ వింతగా చూశారు.

కంత అదే రోజు మూసెయ్యాలి. కుండపోత వాన, మేస్త్రి రాలేదు. టార్పాలిన్ కట్టి వదిలేశాం. వాన తెరిపిచ్చినప్పుడల్లా నేనే దాన్ని ఎత్తి కట్టేదాన్ని. ఇంటినిండా చుట్టాలు దిగడంతో, కర్మలు అయ్యేదాకా పిల్ల ఆ గదిలోనే పడుకుంది. ఇవాళ వస్తుంది, ఇవాళ వస్తుంది అని పిల్లికూతల కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను. రాలేదు. మందే పనిచేసిందేమో, చెప్పలేను. రేపు రావనీ చెప్పలేను.

పెద్దకర్మ మర్నాడు, పిల్ల బడికెళ్లాక, మేస్త్రి ఇటుకలతో వచ్చాడు.

"బావా, ఒగ్గీ, ముయ్యించకు. కిటికీ ఎట్టిద్దాం," అన్నాను.

"అది సావు దారే! తెరిసి ఉంచితే మళ్లీ..." బావ గోడకు తగిలించి ఉన్న పిల్ల గౌను వైపు చూశాడు.

  ఆ భయం నాకూ లేకపోలేదు. ఆ గదిలోనే అత్త ఫొటో ముందు అగరొత్తి వెలిగించి కూర్చున్నాను.

మేస్త్రి వరస మీద వరస పేర్చాడు. వరస పెరిగే కొద్దీ పొగ వంపు తగ్గుతూ వచ్చింది. చివరి ఇటుకకు పొగ నిటారుగా లేచి, ఫొటో ముందు కదలకుండా నిలబడిపోయింది.

బావ దాన్నే చూస్తున్నాడు. ఎంతసేపటికీ చూపు తిప్పుకోలేదు. తర్వాత లేచి, మేస్త్రిని పక్కకు జరిపి, సిమెంటు ఆరని ఇటుకను తన చేత్తో ఊడబెరికాడు. దాని కింద ఇంకొకటి. మరొకటి.

"కిటికీకి కొలుసుకో మేస్త్రీ," అన్నాడు.

పొగ ఒకసారి తడబడి, వంగి, మెల్లగా గుమ్మం వైపు నడిచింది.