లిదియమ్మ తీసేసిన ఖాళీలు

ఆత్మకూరు బస్టాండు వెనక అంకారావు ప్రెస్సులో లిదియమ్మ ఇరవై రెండేళ్లు సీసం అక్షరాలు పేర్చింది. పుట్టిందీ పని నేర్చుకున్నదీ ఉదయగిరిలో. మాటకూ మాటకూ మధ్య ఖాళీ కోసం ఒక సీసం ముక్క, వరుసకూ వరుసకూ మధ్య ఒక పట్టీ, ఏదైనా చేత్తో దూర్చాల్సిందే. ఆమె బిగించిన పేజీని ఎత్తి దులిపినా ఒక్క అక్షరం రాలదని కలువాయి దాకా పేరు. మనిషికి ఆ మేరకు గర్వమూ ఉండేది. ఉండదా మరి!

1997లో అంకారావు సీసమంతా తూకానికి వేసి కంప్యూటర్ తెచ్చాడు. దాని ముందు కూర్చోవడానికి నెల్లూరు నుంచి ఆపరేటర్‌ని పిలిపిస్తానని, లిదియమ్మ ఇక కాగితాలు మడిచి జిగురు పూస్తే చాలని అన్నాడు. ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. నెల రోజులు మధ్యాహ్నం అన్నం వేళంతా కీబోర్డు మీదే గడిపి పెళ్లి కార్డులు, కరపత్రాలు చేయడం నేర్చేసుకుంది. అంకారావు మాత్రం ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

మరుసటి ఏడు జయపాల్ వచ్చాడు. డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరర్, లిదియమ్మ వాళ్ల చర్చి మనిషే. అతని పీహెచ్‌డీ థీసిస్ నిండా గుర్తులూ సమీకరణాలే. పెళ్లి కార్డుల సాఫ్ట్‌వేర్ వాటి ముందు చేతులెత్తేసింది. అందుకని అతనే తిరుపతి నుంచి లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఫ్లాపీల్లో మోసుకొచ్చాడు. ఈ పని తప్పు లేకుండా అయితే కంప్యూటర్ పని లిదియమ్మదేనని, తేడా వస్తే నెల్లూరు మనిషి దిగుతాడని అంకారావు అప్పుడు తేల్చి చెప్పాడు.

లేటెక్ తీరే వేరు. తెర మీద పేజీ కనపడదు. రాతలో అక్కడక్కడా ఆదేశాలు ఇస్తే పేజీ అదే కడుతుంది. మొట్టమొదటి వరుసలో ఇది ఏ రకం రాత అన్నది చెప్పాలి. చిన్న వ్యాసమా, నివేదికా, పుస్తకమా అని. దాన్నే డాక్యుమెంట్ క్లాస్ అంటారు. ఆ రకాన్ని బట్టి అంచులూ, శీర్షికలూ, అంకెలూ అన్నీ కుదురుకుంటాయి.

"అక్కా, ఇది అధ్యాయం, ఇది సిద్ధాంతం అని పేరు చెప్పు, చాలు. ఎంత జాగా వదలాలో అదే చూసుకుంటాది" అన్నాడు జయపాల్.

లిదియమ్మ తలైతే ఊపింది గానీ, జాగా దానంతటదే పడుతుందంటే ఆమెకు నమ్మకం కుదరలేదు. పైగా ప్రెస్సులో ఒక అలవాటుండేది. కొత్త పెళ్లి కార్డు వస్తే పాత కార్డు బిగింపు విప్పకుండా పేర్లు మాత్రం మార్చేవాళ్లు. ఆమె అదే పద్ధతిలో, జయపాల్ నమూనాగా ఇచ్చిన నాలుగు పేజీల వ్యాసాన్ని తెరిచి, మొదటి వరుస అలాగే ఉంచి, దాని కింద థీసిస్ మొత్తం కొట్టేసింది. వ్యాసం రకంలో అధ్యాయాలే ఉండవు. దాంతో అధ్యాయాల పేర్లు తనే లావు చేసింది, సిద్ధాంతాలకు అంకెలు తనే వేసింది, ప్రతి శీర్షిక కిందా కొలిచి ఖాళీ పెట్టింది. ప్రింటు తీస్తే ముచ్చటగా వచ్చింది. అంకారావు కూడా బాగుందన్నాడు.

తిరుపతి యూనివర్సిటీలో జయపాల్ గైడు దాన్ని తిప్పి పంపాడు. ప్రతి అధ్యాయం కొత్త పేజీలో మొదలవ్వాలి, ఎడమ అంచు పెంచాలి, రెండో అధ్యాయంలో ఇంకో సిద్ధాంతం చేర్చాలి. గడువు ఎనిమిది రోజులు. మొదటి వరుసలో రకం మారిస్తే చాలని జయపాల్ ధీమాగా వచ్చాడు. లిదియమ్మ మార్చింది. పేజీలన్నీ కకావికలయ్యాయి. ఆమె పెట్టిన ఖాళీలు పేజీల నడుమ గోతుల్లా తేలాయి, చేత్తో వేసిన అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా పోయాయి. అంకారావు నెల్లూరు ఆపరేటర్ నంబరు వెతికి, అవసరమైతే రమ్మంటానని ఫోనులో చెప్పి, ఆ నంబరు బల్ల మీద పెట్టుకున్నాడు.

ఆమెకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా ఎత్తి జయపాల్ వైపు చూసింది.

"తప్పు నాదే సార్. మీరు చెప్పినా నేను దాన్ని నమ్మలా, నా చేతుల్నే నమ్మినాను. ఈ ఎనిమిది రోజులూ నాకియ్యండి. నేను పెట్టిందంతా నేనే తీసేస్తాను."

జయపాల్ సరేనన్నాడు. తీసేయడం పెట్టడం కన్నా కష్టమైంది. ఏళ్ల తరబడి అన్నం పెట్టిన పనితనాన్ని తన చేత్తోనే చెరిపేయాలి మరి. ఒక్కో ఖాళీ చెరిపి, ఇది అధ్యాయం, ఇది సిద్ధాంతం అని పేరు మాత్రం చెప్పుకుంటూ పోయింది. ఏ పేజీ ఎలా వస్తుందోనన్న భయంతో మొదట ప్రతి పేజీకీ ప్రింటు తీసి చూసుకునేది. మూడో రోజుకు ఆ భయం తగ్గింది. అయిదో రోజుకు కొంచెం సరదా కూడా పుట్టింది.

ఏడో రోజు పని ముగిసిందనుకుంటుండగా తిరుపతి నుంచి జయపాల్ ఫోను. గైడు మూడో అధ్యాయాన్ని రెండోదానికి ముందుకు తెమ్మన్నాడట. అంకారావు తల పట్టుకున్నాడు. లిదియమ్మ అధ్యాయాన్ని కత్తిరించి ముందు అతికించింది. లేటెక్‌ని ఒకసారి నడిపింది, అంకెలు పట్టుకోవడానికి ఇంకోసారి నడిపింది. తర్వాత కాగితం మీద వేలు పెట్టి ఒక్కో సిద్ధాంతం చూసుకుంటూ వెళ్లింది. అధ్యాయాలు, సిద్ధాంతాలు, విషయసూచిక, అన్నీ తమ అంకెలు తామే మార్చుకుని ఉన్నాయి. ఆమె ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

అంకారావు వెనక నిలబడి చివరి పేజీ దాకా చూశాడు. బల్ల దగ్గరికి వెళ్లి నెల్లూరుకు ఫోను కలిపాడు.

"వద్దులేబ్బా, నువ్వు రావొద్దు. మాకు మనిషి ఉండాది."

లిదియమ్మకు కళ్లు మసకేశాయి. తుడుచుకుంటూ కూర్చోవడానికి తీరిక లేదు, ఇంకా నూట ఎనభై పేజీలు ప్రింటు తీయాలి.