ఖాళీ గొట్టం గంగాధరం

“...పొద్దున పెట్టినాను కదన్నా, మళ్లా ఎందుకు?”

“పొద్దున పెట్టింది పొద్దుటికి సరిపోయింది పాపా. ఇప్పుడు మూడు గంటలు. నీ ఖాళీ గొట్టం యాడ?”

“శుక్రవారం థీసిస్ ఇయ్యాలన్నా. ఇదే ఆఖరి రీడింగు.”

“ఆఖరిదైతే ఏమి? ఖాళీది సూపించకుండా నీ నీలాన్ని నేను నమ్మను.”

ల్యాబు తలుపు దగ్గర నిలబడి విన్నాను. అసలే తిరుపతి వేసవి, ఆ మాటలతో నాకు ఇంకా మండింది. గంగాధరాన్ని ల్యాబు నుంచి తీసేసి స్టోరుకు పంపమని ప్రిన్సిపాల్‌కు రాసిన ఉత్తరం వారంగా నా జేబులో ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

మా ల్యాబ్ అసిస్టెంట్ గంగాధరానికి ఉన్న జబ్బు ఒకటే. ఏమీ లేనిదాన్ని ముందు చూస్తే గానీ ఉన్నదాన్ని నమ్మడు.

నా విద్యార్థిని అఖ్సా చేస్తున్న పని ఇది. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలు పారేసే తోతాపురి మామిడి టెంకలను ఒక్కో ఫ్యాక్టరీ నుంచి తెచ్చి, లోపలి జీడి నుంచి సారం తీసి, అందులో ఫినాల్స్, అంటే నాలుక పట్టేసే ఆ వగరు, ఎంత ఉందో కొలవాలి. సారానికి ఒక మందూ, సోడా కలిపి అరగంట ఆగితే నీలం వస్తుంది. నీలం ఎంత ముదిరితే ఫినాల్స్ అంత ఎక్కువ. సారం వేయకుండా మిగతావన్నీ కలిపిన గొట్టం ఒకటి పక్కన పెట్టుకోవాలి. అది నీలం కాకూడదు. ఇదంతా పద్ధతే. కానీ సాయంత్రం పద్ధతిని ల్యాబులో వదిలేసి ఇంటికి పోయేవాణ్ని మనిషంటారు.

ఈయన వదలడు. రైతుబజారులో వంకాయలు వేయబోతే, “ముందు ఉత్త తక్కెడ సూపించప్పా” అంటాడు. డాక్టరు బీపీ చూడబోతే, ఆ పట్టీ ఎవరికీ కట్టకుండా ఒకసారి గాలి కొట్టమన్నాడు. పెళ్లిచూపుల్లో అమ్మాయి పాట పాడతానంటే, ముందు రెండు నిమిషాలు ఏమీ పాడకుండా కూర్చోమన్నాడట. ఆ అమ్మాయే చంద్రకాంతమ్మ. ఎందుకు ఒప్పుకుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

“మొదటి ముద్ద ఉత్తన్నం తినాల ఈయప్ప,” అని ఆమె ఒకసారి నాతో అంది. “లేకుంటే నేను కాసిన మిరియాల సారుకు మార్కులు ఎట్లేస్తాడు సార్?”

నేను లోపలికి వెళ్లాను. “గంగాధరం, ఊరుకో. పిల్లకు టైము లేదు.” అఖ్సా అంకె చూపించింది. మిగతా శాంపిళ్లకు సరిగ్గా రెట్టింపు. నేను మనసులో అప్పుడే ఒక పరిశోధన వ్యాసానికి పేరు పెట్టేశాను.

గంగాధరం నా మాట విననట్టే ఖాళీ గొట్టం కలిపి గడియారం ముందు కూర్చున్నాడు. అరగంట తర్వాత ఆ గొట్టం కూడా నీలంగా ఉంది.

అఖ్సా తన అంకెను కొట్టేసి, చున్నీతో కళ్లు తుడుచుకుంది. గంగాధరం డిస్టిల్డ్ వాటర్ డబ్బా మూత తీసి వాసన చూశాడు. ఉన్న నీళ్లు సింకులో వంచేసి, డబ్బాను అరచేతిలోకి బోర్లించాడు. ఒక నిమ్మగింజ పడింది.

మధ్యాహ్నం స్టాఫ్‌రూములో మంచినీళ్ల మిషన్ పనిచేయలేదు. ఈయన భోజనానికి పోయినప్పుడు నేనే ఆ డబ్బాలో గూడూరు నిమ్మకాయలు నాలుగు పిండి, నన్నారి పాకం పోసి, అందరికీ షర్బత్ కలిపాను. తర్వాత నా లెక్కన బాగానే కడిగి, మళ్లీ నింపి పెట్టాను. నిమ్మరసానికి కూడా ఆ మందు నీలమవుతుంది. ఈ సంగతి నేను ఏటా రెండో సంవత్సరం వాళ్లకు పాఠం చెబుతాను.

గంగాధరం గింజను చూశాడు, నన్ను చూశాడు. గింజను చొక్కా జేబులో వేసుకున్నాడు.

“డబ్బా నేనే సరిగ్గా కడగలేదు పాపా,” అన్నాడు. రిజిస్టరు తీసి అదే మాట రాసి, కింద తన పేరు పెట్టాడు. “సారం మిగిలుండాదా?”

“ఉండాదన్నా, కొంచెం.”

“సాలు. కొత్త నీళ్లు నేను పట్టకొస్తా. ఏడవాకు, కూసో.”

ఆరింటికి పని ముగిసింది. ఖాళీ గొట్టం మంచినీళ్లలా ఉంది. అంకె రెట్టింపు కాదు, మామూలే. నా వ్యాసం పోయింది, అఖ్సా థీసిస్ నిలిచింది. ఆ పిల్ల ఆయనకు దండం పెట్టి బస్సుకు పరుగెత్తింది.

రిజిస్టరులో ఆయన చేతిరాత చూస్తూ నిలబడ్డాను. స్టోరుకు పంపడానికి ఇంతకన్నా మంచి కారణం దొరకదు.

“ఎందుకలా రాశావు?” అన్నాను.

“మీరు పాఠం సెప్పేవాళ్లు సార్. పిల్ల ముందర మీ పేరు ఎందుకు? గొట్టాలు కడిగేవాడి మీద మరక పడితే కడుక్కుంటాడు.” ఇంకో గొట్టం వెలుతురుకు ఎత్తి చూశాడు. “షర్బత్ బాగుండిందంట గదా. నాకే ఒక గ్లాసు మిగల్చలేదు.”

జేబులోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాను.

“గంగాధరం గారూ, ఆ రిజిస్టరు ఇటివ్వండి. మీ పేరు కొట్టేసి నాది రాస్తున్నాను. రేపటి నుంచి ఎవరి రీడింగైనా సరే, మీ ఖాళీ గొట్టం చూశాకే సంతకం పెడతాను.”